బస్సు వణికిన రోజు

పోలీసు చర్య జరిగిన కొద్ది నెలలకు మెదక్‌లో నర్సాపూర్ బస్సెక్కాను. అప్పట్లో కొత్త మనిషి కనిపిస్తే చాలు, అందరికీ అనుమానమే. నా పక్కన గడ్డం మాసిన ఒకాయన ఒళ్లో మూటతో కూర్చున్నాడు. రజాకారేమోనని వెనక సీట్లో గుసగుసలు మొదలయ్యాయి.

అడవి దగ్గర ఎత్తు మీద బస్సు ఆగిపోయింది. డ్రైవర్ కదిలించబోయినప్పుడల్లా గడగడా వణికి మళ్లీ ఆగుతోంది.

"డ్రైవర్ సాబ్, కదిలేటప్పుడే వణుకుతుందా, ఉరికేటప్పుడు సుత వణుకుతుందా?" అని నా పక్కనున్న ఆయన అడిగాడు.

"కదిలేటప్పుడే. నీకెందుకు?" అన్నాడు డ్రైవర్.

ఆయన దిగి బండి కిందికి దూరి, వచ్చాక నల్లటి నూనె అంటిన వేలు చూపించాడు. "క్లచ్ ప్లేటుకు నూనె తగిలింది. జారి జారి పట్టుకుంటది, గందుకే వణుకు. అందరు దిగి నడువుండ్రి. బరువు తగ్గితే ఎక్కుతది."

అడవిలో దింపి దోచుకుంటాడేమోనని ఎవరూ కదల్లేదు. ఆయన మా మొహాలు చూసి, మూట నా చేతిలో పెట్టాడు.

"జర పట్టుకోండ్రి. నేను సుత మీతోనే నడుస్త."

అప్పుడు దిగాం. ఆయన అందరికంటే ముందు నడిచాడు. మూటలో గట్టిగా ఏదో నా చేతికి తగిలింది. తుపాకీ అనుకుని, వెనకబడి ముడి విప్పాను. బోల్టులు విప్పే ఇనప పానాలు రెండు, వాటికి చుట్టిన చంటిపిల్ల గౌను. గబగబా మళ్లీ ముడేశాను.

ఖాళీ బస్సు వణుకుతూనే ఎత్తెక్కింది. మూట తిరిగిచ్చాను. ఆయన ముడిని చూశాడు, నన్ను చూశాడు. దాన్ని విప్పి, తన పద్ధతిలో మళ్లీ కట్టుకున్నాడు.

నర్సాపూర్ దాకా నేను కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాను.