ఏమోయ్ అల్లుడి పెద్దకారు

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ మిల్లీమీటరు అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. ఆయనా పలుకుతాడు.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి ఫ్రిజ్‌లు. అవి అట్టపెట్టెలోకి వెళ్ళే ముందు ఆఖరిసారి చూసి పంపే ఉద్యోగం ఆయనది. మూసిన తలుపు సందులో పల్చటి ఇనప రేకు దూర్చి చూస్తాడు. దూరితే ఎర్ర స్టిక్కరు, దూరకపోతే పచ్చ స్టిక్కరు. నెత్తిన జుట్టు ఒత్తుగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని, లెక్కపెట్టగలిగినన్ని వెంట్రుకలు మిగిలినా అదే చేస్తున్నాడు.

ఇలాంటి మనిషి గేటు దాటగానే మామూలు మనిషి అయిపోతాడనుకోకూడదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గుమ్మాన్ని చూస్తాడు, తరవాత మనుషుల్ని పలకరిస్తాడు. పక్కింటాయన ముచ్చటపడి కొత్త బీరువా చూపించడానికి పిలిస్తే, తలుపులు రెండూ మూసి, తెరిచి, మళ్ళీ మూసి, "వాడుకోవచ్చు లెండి" అన్నాడు. పక్కింటాయన ఆ తరవాత ఏం కొన్నా చెప్పడం మానేశాడు.

అత్తవారింట్లో ఆయన పరపతి పోయింది కూడా ఈ నోటి వల్లే. పెళ్ళయిన కొత్తలో కూతుర్నీ అల్లుణ్ణీ ఇంటికి తీసుకెళ్ళడానికి మామగారు రైల్వేస్టేషనుకి కారు వేసుకుని వచ్చారు. దాన్ని ఆ కుటుంబంలో పెద్దకారు అంటారు. ముందు రెండు గుండ్రటి దీపాలు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నట్టుండే జాలీ, వెనక కొంచెం పైకి లేచిన రెక్కలు. కంపెనీ నుంచి సరాసరి తనింటికే వచ్చిందనీ, సీట్ల మీద కవర్లు ఊడదీసింది స్వయంగా తనేననీ మామగారు చెప్పని రోజు లేదు. ఆయన గోడౌన్ల మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగం సంగతి ఎవరికీ పట్టలేదు. కారు సంగతి మాత్రం బంధువుల పిల్లలక్కూడా కంఠతా వచ్చు.

అల్లుడు సూట్‌కేసు డిక్కీలో పెట్టాడు. మూత వేశాడు. వంగి చూశాడు.

"మామయ్యగారూ, మూత ఎడమ పక్కకి కాస్త దిగినట్టుంది."

వేలికి తాళాలు తిప్పుతున్న మామగారు ఆగిపోయారు. "ఏమోయ్, కారెక్కడానికొచ్చావా, బేరమాడ్డానికొచ్చావా?"

ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. పెద్దల్లుడు మాత్రం అల్లుడుగారు. ఆయన పాత కార్లు కొని అమ్మే షోరూం నడుపుతాడు, చేతికి బరువైన గడియారం పెడతాడు, డిక్కీ మూతల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. "అల్లుడుగారికి ఆ మెత్తటి కుర్చీ వెయ్యండి" అన్న నోటితోనే, "ఏమోయ్, ఆ ఫ్యాను కాస్త పెంచు" అనేవారు మామగారు. ఫ్యాను పెంచి పెంచి మిల్లీమీటరు మనసులో ఒకే ఒక కోరిక ముదిరింది. నలుగురూ వింటుండగా ఆ పెద్దమనిషి చేత ఒక్కసారి అల్లుడుగారూ అని పిలిపించుకోవాలి.

"నాన్న పిలుపే అంత. మా తమ్ముణ్ణి ఒరేయ్ అనడం లేదూ?" అనేది భార్య.

"మీ తమ్ముడు కొడుకు. నేను అల్లుణ్ణి."

"అయితే ఏం? ఒరేయ్ కన్నా ఏమోయ్ మేలేగా."

ఆ మేలు ఎన్ని మిల్లీమీటర్లో ఆయన కొలిచి చూసుకున్నాడు. చాల్లేదు.

పెద్దకారు ఎప్పుడో తుక్కు కింద పోయింది. పోయాక దానికి మరింత మెరుపొచ్చింది. ఉన్నప్పుడు కొండ ఎక్కలేక ఆగిన కారు, పోయాక ఏ కొండనైనా ఒక్క దమ్ములో ఎక్కేసినట్టు చెప్పుకునేవారు.

మిల్లీమీటరుకి ఉన్న ఒకే వ్యసనం కార్ల కిట్లు. అసలు కారులో ఇరవై నాలుగో వంతు కారు, ముక్కలు ముక్కలుగా ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని పెట్టెలో వస్తుంది. ఒక్కో ముక్కా కత్తిరించి, గరుకు కాగితంతో నునుపు చేసి, అతికించి, రంగు వేసుకోవాలి. వంటింటి వెనక గదిలో బల్ల ముందు కూర్చుంటే ఆయనకి ఆకలి గుర్తుండదు. అత్తవారింట్లో దీన్ని బొమ్మలు చేసుకోవడం అంటారు.

అలాంటిది ఓ రోజు మామగారే ఫోన్ చేశారు.

"ఏమోయ్, బొమ్మలేవో చేస్తావటగా. నా పుట్టినరోజుకి చుట్టాలంతా వస్తున్నారు. మన పెద్దకారు చేసి తీసుకురా, హాల్లో పెడదాం. అచ్చు అలాగే ఉండాలి సుమా. ఆవగింజంత తేడా కూడా రాకూడదు."

అచ్చు అలాగే అన్న మాట మిల్లీమీటరుతో అనకూడదని ఆయనకి తెలియదు.

కొరియర్లో మూడు ఫోటోలు వచ్చాయి. ముందు నుంచి ఒకటి, మామగారు బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డది. వెనక నుంచి ఒకటి, కుటుంబమంతా వరసగా నిలబడ్డది. పక్క నుంచి ఒకటి, ఎండలో తీసింది. మిల్లీమీటరు వాటిని భూతద్దం కింద పెట్టుకుని, పాత కార్ల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. చిక్కు వెంటనే దొరికింది. ముందు భాగం ఒక మోడల్‌ది. వెనక రెక్కలూ, నిలువు దీపాలూ ఆ కంపెనీ మరికొన్నేళ్ళకి తెచ్చిన మోడల్‌వి. రెండూ కలిసి ఉన్న కారు ఏ పుస్తకంలోనూ లేదు. వేరువేరు కార్ల ఫోటోలేమో అనుకుంటే నంబరు ప్లేటు ఒకటే.

మామగారికి ఫోన్ చేశాడు. "మామయ్యగారూ, వెనక దీపాలవీ ఎప్పుడైనా మార్పించారా?"

"ఏమోయ్, ఒరిజినల్ కారది. బల్బు కూడా మార్చి ఎరగను."

ఇక్కడ ఇంకెవరైనా అయితే నవ్వుకుని ఊరుకునేవారు. మిల్లీమీటరు అలా అనుమానించే రకం కాదు. ఆయన తలుపుల్ని అనుమానిస్తాడు గానీ మనుషుల్ని కాదు. ఫోటో నిజం, యజమాని మాట నిజం. రెండూ నిజమైతే పుస్తకంలోనే ఏదో తక్కువుంది. పాత మోడల్ ఆపి కొత్తది మొదలుపెట్టే మధ్యలో కంపెనీ ఇలాంటివి ఓ నాలుగు చేసి ఉంటుందని తీర్మానించాడు.

"మీ నాన్నది చాలా అరుదైన కారు. నాలుగే చేసుంటారు," అన్నాడు భార్యతో.

భార్య ఈ మాట వాళ్ళమ్మకి చెప్పింది. అమ్మ భర్తకి చెప్పింది. మామగారు రెండోసారి చెప్పించుకుని విన్నారట. ఆ మర్నాటి నుంచి, "కంపెనీ అలాంటివి నాలుగే చేసింది. మూడు ఏమయ్యాయో ఎవరికీ తెలీదు," అని చెప్పడం మొదలుపెట్టారు.

అలాంటి కారుకి కిట్ ఎక్కడా ఉండదు. అందుకని రెండు మోడళ్ళ కిట్లూ తెప్పించాడు. సన్నటి రంపంతో రెండు కార్లనీ తలుపుల వెనక అడ్డంగా కోశాడు. మొదటి దాని ముందు సగం, రెండో దాని వెనక సగం తీసుకుని అతికించాడు. అతుకు మీద పుట్టీ పెట్టి ఆరబెట్టాడు. పైకప్పు మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి సన్నటి గట్టు తేలింది. దాన్ని అరగదీయడానికి గరుకు కాగితం తీసి, అలవాటు కొద్దీ పక్క నుంచి తీసిన ఫోటో ఒకసారి చూసుకున్నాడు.

ఎండ ఏటవాలుగా పడ్డ ఆ ఫోటోలో పెద్దకారు పైకప్పు మీద సరిగ్గా అదే చోట సన్నటి నీడ గీత ఉంది. కిందికి, తలుపు వెనక స్తంభం మీదుగా, రంగు ఒక పిసరు మారింది.

చేతిలో కాగితం చేతిలోనే ఉండిపోయింది. ఆయన బల్ల మీద చేసిన పనే, పూర్వం ఎవరో షెడ్డులో, నిజం కార్లతో చేశారు. మామగారి పెద్దకారు కూడా రెండు కిట్లదే.

భార్యని పిలిచి చూపించాడు. ఆవిడ ఫోటోనీ బొమ్మనీ మార్చి మార్చి చూసింది.

"గీకెయ్యండి," అంది.

"అచ్చు అలాగే ఉండాలన్నారు."

"నాన్న అన్నది కారు గురించి కాదు, తన మాట గురించి. మీకు ఆయన చేత అల్లుడుగారూ అనిపించుకోవాలని లేదా?"

"ఉంది."

"అయితే గీకెయ్యండి. రెక్కలు ఎలాగూ ఎవరికీ గుర్తులేవు, మామూలు మోడల్ చేసి పారెయ్యండి."

సలహా బంగారం లాంటిది. ఆయనా ఒప్పుకున్నాడు. బల్ల ముందు కూర్చుని గట్టు మీద కాగితం ఆనించాడు కూడా. చెయ్యి కదల్లేదు. తప్పు లేనిచోట ఎర్ర స్టిక్కరు వెయ్యలేని చెయ్యి, తప్పు ఉన్నచోట పచ్చ స్టిక్కరు కూడా వెయ్యలేదు. గట్టుని వెంట్రుకంత ఉంచాడు. స్తంభం వెనక రంగు ఒక పిసరు ముదురుగా వేశాడు. డిక్కీ మూతని, స్టేషను దగ్గర తను చూసిన గుర్తు ప్రకారం, ఎడమకి కాస్త దించాడు. ఇంత చిన్న బొమ్మలో ఇవన్నీ ఎవరు చూస్తారులే అని భార్యకి చెప్పాడు. అంత చిన్నవి తను తప్ప ఎవరూ చూడరని నిజంగానే నమ్మాడు.

పుట్టినరోజున కారుని హాలు మధ్య గాజు బల్ల మీద పెట్టారు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. మామగారు కర్రతో చూపిస్తూ, "నాలుగే చేశారు. మూడు ఏమయ్యాయో," అని వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నారు. మధ్యలో ఒకసారి మిల్లీమీటరు వైపు తిరిగి నోరు తెరిచారు కూడా. ఆ వచ్చేది ఏ పిలుపో తెలిసేలోగా పెద్దల్లుడు వచ్చాడు.

"రండి అల్లుడుగారూ, మీ తోడల్లుడు చేసింది చూడండి."

పెద్దల్లుడు వంగి చూశాడు. పాత కార్లు అమ్మి బతికే మనిషి, ఆయన కంటికి గట్టు అక్కర్లేదు.

"తమ్ముడూ, ఇదేం కారు? ముందు సగం ఒకటి, వెనక సగం ఒకటి."

చుట్టాలు బల్ల దగ్గరికి జరిగారు.

"ఈ రెక్కలు తరవాతి మోడల్‌వి. ఇదుగో, పైన అతుకు కూడా కనబడుతోంది. రెండు బొమ్మలు కోసి ఒకటి చేశావు. ఇలాంటి కారు నా షోరూంకి వస్తే గేటు దగ్గర్నుంచే పంపించేస్తాను. ఏక్సిడెంటైన రెండు బళ్ళని కలిపి అంటగట్టేవాళ్ళు చేసే పని ఇది."

"అదేమిటి అన్నయ్యా, కంపెనీ అలాంటివి నాలుగే చేసిందన్నావుగా?" అంది మామగారి చెల్లెలు. ఆవిడ అమాయకంగానే అడిగింది.

మామగారు కర్ర మీద రెండు చేతులూ వేసి మిల్లీమీటరు వంక చూశారు. ఆ చూపులో గదమాయింపు లేదు. ఫ్రిజ్‌కి గనక కళ్ళుంటే, రేకు పట్టుకుని దగ్గరకొస్తున్న మనిషిని అలాగే చూస్తుంది.

తిరిగిచ్చేయడానికి తెచ్చిన మూడు ఫోటోలూ మిల్లీమీటరు చొక్కా జేబులోనే ఉన్నాయి. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. జేబుని ఒకసారి సర్ది కిందికి దిగింది.

"నాలుగు సంగతి నేనే చెప్పానండీ. పుస్తకం సరిగా చూడకుండా అనేశాను," అన్నాడు. "సరైన కిట్ దొరక్క రెండు కలిపాను. అసలు కారు ఇలా ఉండేది కాదు. పొరపాటు నాదే."

జీవితంలో ఆయన వేసిన మొదటి దొంగ పచ్చ స్టిక్కరు అది. వేసింది మామగారికి.

హాలంతా ఊపిరి పీల్చుకుని నవ్వింది. పెద్దల్లుడు భుజం తట్టి, "పోనీలే, రంగు బాగా వేశావు," అన్నాడు. మామగారు గొంతు సవరించుకున్నారు. ఇప్పుడంటారు అనుకున్నాడు మిల్లీమీటరు.

"ఏమోయ్, ఇంకోసారి చేసేటప్పుడు చూసుకుని చెయ్యి," అన్నారు మామగారు.

చుట్టాలు భోజనాల హడావిడిలో పడ్డాక, "ఏమోయ్, ఆ బొమ్మ తీసుకుని ఇలా రా," అని పిలిచి, తన గదిలోకి రాగానే తలుపు మూశారు.

"అల్లుడుగారూ," అన్నారు.

మిల్లీమీటరు వెనక్కి తిరిగి చూశాడు, పెద్దల్లుడు వచ్చాడేమోనని. ఎవరూ లేరు.

"కొత్త కారుకి డబ్బు కట్టి ఎదురుచూసి విసిగిపోయాను. షెడ్డువాడు ఒకడు రెండు బళ్ళున్నాయన్నాడు. ఒకదానికి మూతి లేదు, ఇంకోదానికి వెనక లేదు. కలిపిచ్చాడు. మీ అత్తగారిక్కూడా తెలీదు." కారుని కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళి, కళ్ళద్దాలు నుదుటి మీదకి ఎత్తి, చాలాసేపు చూశారు. "అతుకు సరిగ్గా పెట్టావు. పెట్టారు. రంగు కూడా అంతే మారేది. ఈ మూత మాత్రం తప్పు."

"ఎడమకి దించానండీ."

"చాల్లేదు. నా చిటికెన వేలు దూరేది అక్కడ. వాన పడితే సూట్‌కేసులు తడిసేవి. ఆ రోజు స్టేషన్లో మీరు కాస్త దిగిందన్నారు. కాస్త ఎక్కడ? నా గుండె ఆగిపోయింది గానీ, మీ కొలత తప్పు."

హాల్లో అన్ని మాటలు పడ్డా చెక్కుచెదరని మిల్లీమీటరు మొహం ఇప్పుడు పాలిపోయింది. మామగారి చిటికెన వేలు చేతిలోకి తీసుకుని, జేబులో స్కేలుతో కొలిచి, ఇరవై నాలుగుతో భాగించి, "పట్టుకెళ్ళి సరిచేసి తెస్తానండీ," అన్నాడు.

దారిలో భార్యకి చెప్పాడు. "మీ నాన్న నన్ను అల్లుడుగారూ అన్నారు."

"ఎవరి ముందు?"

"గదిలో. తలుపేసి."

ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

సాక్షి లేని తనిఖీ చెల్లదని ఫ్యాక్టరీలో రూలుంది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కారు కింద ఎర్ర స్టిక్కరు ముక్క అంటించి, పాత మూత పీకి, కొత్తది చెక్కాడు. ఓ సెలవు రోజు పొద్దున, జిగురు పెట్టి, మూతని సరైన వంకరలో నిలిపి, రెండు చేతులా చిమటాలతో పట్టుకుని కూర్చున్నాడు. అది ఆరేదాకా ఊపిరి కూడా గట్టిగా వదలకూడదు.

ముందు గదిలో ఫోన్ మోగింది. భార్య ఎత్తింది. మామగారు ఫోన్లో అరిచినట్టే మాట్లాడతారు కాబట్టి, వంటింటి వెనక గది దాకా వినిపించింది.

"అల్లుడుగారున్నారా?"

"బావగారా? ఇక్కడికి రాలేదే నాన్నా," అని భార్య పెట్టేసింది.