బకెట్టు చప్పుడు

మా మేనత్త పందుల షెడ్డులో పనిచేస్తుంది. షెడ్డు మా నాన్నది, చాకిరీ ఆవిడది. పందంటే మురికని ఎవరన్నా అన్నారో, అయిపోయారే. "చోటిచ్చి చూడు, పడుకునేచోట పాడుచేస్తుందేమో. ముందు మీ ఆయన విడిచిన బట్టలు ఎక్కడ పడేస్తాడో చెప్పు," అని దులిపేస్తుంది.

అన్నిట్లోకీ పెద్దదానికి దొరసాని అని పేరు పెట్టింది. ఎవరు తోలినా కదలదు, కర్ర చూపిస్తే ఇంకా మొండికేస్తుంది. అత్త బకెట్టు అంచుమీద తట్టి "రావే తల్లీ" అంటే మాత్రం చెవులూపుకుంటూ వచ్చేస్తుంది.

దొరసాని నిండు చూలుతో ఉంది. ఈనేముందు పంది గడ్డి నోట కరిచి తెచ్చుకుని పక్క వేసుకుంటుంది. అది చేసుకోనివ్వకపోతే పిచ్చెత్తిపోతుంది. అందుకే నాన్న ఈనే పందుల్ని కదలకుండా ఉంచే ఇనపబోన్లు కొన్నప్పుడు అత్త ఒక్కటే అడిగింది, "దొరసానిని మాత్రం అందులో పెట్టకురా" అని.

నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. "నీ మాట కాదంటానా అక్కా? దానికి వేరే గది, నిండా గడ్డి."

ఈనే రోజు దగ్గరపడింది. ఓ పొద్దున "గది సిద్ధం, అవతల కిటికీ దగ్గర నుంచుని పిలువు," అన్నాడు. గుమ్మంలో నిజంగానే గడ్డి పరిచి ఉంది. అత్త కిటికీ బయట నుంచుని బకెట్టు తట్టింది. దొరసాని లోపలికి నడిచింది, వెనకాల గడియ పడింది. అత్త తొంగిచూస్తే గడ్డి గుమ్మం వరకే. లోపలంతా సిమెంటు, దొరసాని బోనులో ఉంది.

"పిల్లలమీద పడుకోకుండా ఉంటుందని," అన్నాడు నాన్న, ఆవిడ మొహం చూడకుండా. "ముందే చెప్తే నువ్వు పిలిచేదానివి కాదుగా."

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. కన్నతండ్రి అని వెనకేసుకురాను.

దొరసాని ముట్టెతో సిమెంటు గీకింది, ఊచలు కొరికింది. తిరగడానికి కూడా చోటు లేదు. మధ్యాహ్నానికి అత్త వల్ల కాలేదు. వెళ్ళి బోను తెరిచింది, చేతులారా గడ్డి తెచ్చి పోసింది, బకెట్టు తట్టింది.

దొరసాని మూలకి జరిగింది. మళ్ళీ తట్టితే గోడకి అతుక్కుపోయింది. అత్త బయటికి వెళ్ళాకే గడ్డి ముట్టుకుంది.

సాయంత్రానికి ఈనింది. "చూశావా, పిల్లలన్నీ బాగున్నాయి, ఇంకా కోపమెందుకు?" అన్నాడు నాన్న.

"అబద్ధం నీ నోటితో ఆడుంటే పోనీలే తమ్ముడేగా అనుకునేదాన్ని," అంది అత్త. "నా నోటితో ఆడించావు."