గురి తప్పినా ఒక పాయింటు

మొన్న శనివారం మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తూ, గరిటె చేత్తోనే హాల్లోకి వచ్చాను. మా అబ్బాయి టీవీలో యూనివర్సిటీల ఫుట్‌బాల్ చూస్తున్నాడు. ఎవరో కుర్రాడు తన్నిన బంతి స్తంభాల మధ్య నుంచి కాక పక్కనుంచి పోయింది. "అయ్యో, పోయిందే" అన్నాను. వాడు తల తిప్పకుండానే "నో మామ్, దట్స్ స్టిల్ వన్ పాయింట్" అన్నాడు. ఆ సంగతి నాకెంత బాగా తెలుసో వాడికేం తెలుసు! వాడి పక్కన కూర్చుని ఆట చూస్తూ ఉండిపోయాను. తాలింపు మాడింది.

కెనడాలో ఇప్పుడున్న ఈ కనాటాకి రాకముందు మేము ఫ్యాక్టరీల ఊరు సార్నియాలో ఉండేవాళ్లం. నేను టీషర్టుల మీద అచ్చువేసే షాపులో పనిచేసేదాన్ని. అక్కడి కాలేజీకి మన పిల్లలు తండోపతండాలుగా దిగుతున్న రోజులవి, ఏ బేస్‌మెంట్ ముందు చూసినా చెప్పుల గుట్టే. మా బేస్‌మెంట్‌లో కరీంనగర్ వైపు అమ్మాయి ఒకతె అద్దెకుండేది. నన్ను అక్కా అనేది, నాకూ చెల్లెలే అయిపోయింది. మొగుడు వేరే కాపురం పెట్టుకుంటే, మూడేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలి చదువుకని వచ్చింది. చదువయ్యాక వర్క్ పర్మిట్ మీద మా షాపులోనే చేరింది. బస్సులు తక్కువ ఊరు కాబట్టి రాకపోకలు నా కార్లోనే. దారి పొడుగునా ఒకటే మాట, పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, వస్తే పాపను తెచ్చుకోవాలని. ఫ్యాక్టరీల వాసనకి నేను అద్దాలు ఎత్తేస్తే, "నా బిడ్డకు ఈ వాసన పడుతదో లేదో అక్కా" అని దిగులుపడేది.

ఆ ఏడు మాకు పెద్ద ఆర్డరు వచ్చింది. దేశంలో మొదటి రెండు స్థానాల్లో ఉన్న యూనివర్సిటీ జట్లు బౌల్ గేమ్ అనే పెద్ద కప్పు పోటీలో తలపడుతున్నాయి. ఆట ముగియగానే గెలిచినవాళ్లు తొడుక్కోవాలి కాబట్టి, ఎరుపు, నీలం రెండు జట్లకీ ముందే 'చాంపియన్స్' అని అచ్చువేసి పెట్టాలి. ఓడినవాళ్లవి ముక్కలు చేసి తుడుపుగుడ్డలకి వాడేస్తారు. "ఒక్క పిల్లకి ఇద్దరు పెళ్లికొడుకుల్ని ముస్తాబు చేసినట్టుంది" అని నేను నవ్వాను. చెల్లెలు నవ్వలేదు. ఎర్ర చొక్కా ఒకటి మడతపెడుతూ, "ఈ ఎర్రోళ్లు గెలిస్తే నా బిడ్డ వస్తది. మనసుల అనుకున్న అక్కా" అంది. శకునాలు పట్టకూడదని మా పాస్టరుగారు చెబుతూనే ఉంటారు. "ఊరుకో, ఆటకీ పాపకీ ఏంటే సంబంధం?" అని కసిరాను గానీ, ఆ క్షణం నుంచి నేనూ ఎర్రవాళ్ల మనిషినే.

ఆట ఉన్న శనివారం షాపులోనే టీవీ పెట్టాడు మా ఓనరు పెద్దాయన. పేరు ఫుట్‌బాలే గానీ కాళ్లతో తన్నేది తక్కువ, బంతిని చంటిపిల్లలా చంకనెత్తుకుని పరిగెత్తడమే ఎక్కువ. "కబడ్డీ లెక్కనే ఉందక్కా" అని తేల్చేసింది చెల్లెలు. చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానం. ఆఖరి తన్ను నీలంవాళ్లది. ఫుట్‌బాల్ కోసం దేవుణ్ణి విసిగించకూడదని తెలిసీ కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బంతి పక్కనుంచి పోయింది. "తప్పింది! తప్పిందక్కా!" అని చెల్లెలు నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. టీవీలో మాత్రం నీలంవాళ్లు గంతులేస్తున్నారు. గురి తప్పినా బంతి స్తంభాల వెనక మైదానం చివరి గీత కూడా దాటిపోతే, కెనడా ఆటలో తన్నినవాళ్లకే ఒక పాయింటట. ఓనరు గబగబా చెప్పింది నేను తెలుగులో విడమరిచి చెప్పాను. "తప్పినోళ్లు గెలుసుడేందక్కా?" అంది.

నీలం పెట్టెలు వ్యానెక్కాయి. మేము ఎర్రవాటికి కత్తెర్లు పట్టాం. ఎలాగూ కత్తిరించేదే కదా, ఒకటి నేను కత్తిరించుకుంటానని చెల్లెలు ఓనరుని అడిగింది. ఆయన సరేనన్నాడు. మర్నాడు నేను చర్చి నుంచి వచ్చేసరికి నా కుట్టుమిషను ముందు కూర్చుంది. 'చాంపియన్స్' అన్న అక్షరాలు సరిగ్గా గుండెల మీదికి వచ్చేలా పాపకి గౌను కుట్టింది, మెడకి కుచ్చులు కూడా పెట్టింది. కుట్టేముందు కొలత ఏదే అంటే రెండు చేతులూ గాల్లో పెట్టి చూపించింది. "నా సంకల గింత ఉంటదక్కా." ఆ చేతుల మధ్య ఖాళీకే నేను టేపు పెట్టాను.

తర్వాత పీఆర్‌కి కావాల్సిన పాయింట్ల కటాఫ్ పెరుగుతూ పోయింది, తన పాయింట్లు ఉన్నచోటే ఉండిపోయాయి. వర్క్ పర్మిట్ అయిపోయింది. టొరంటో ఎయిర్‌పోర్టు దాకా నేనే డ్రైవ్ చేశాను. గౌను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, "దిగంగనే తొడుగుత" అంది. తను ఏడవలేదు. తిరిగొచ్చే దారంతా ఏడ్చింది నేను.

ఇల్లు చేరాక ఫోన్ చేసింది. "తలకాయ గూడ దూరలే అక్కా." "ఇది ఏ పాపది అని నా బిడ్డే అడిగింది."

రోజూ వీడియో కాల్‌లో చూసిన పాపే. ఫోన్‌లో ముఖమే గానీ పొడుగు కనబడదు కదా. మా వాడి నిక్కర్లు ఏడాదికోసారి పొట్టివైపోతుంటే నా కళ్లతో నేను చూస్తూనే ఉన్నాను. అయినా గౌను కుట్టిన ఆ ఆదివారం మా ఇద్దరికీ ఒకటే భ్రమ, తల్లి వచ్చేదాకా కాలం ఆ పిల్లని మూడేళ్ల దగ్గరే నిలబెట్టి ఉంచుతుందని.