ఫ్రెంచి పద్ధతిలో రాజోలు పెళ్లి

ఆ రోజుల్లో అమలాపురంలో భుజాన వీడియో కెమెరా ఉన్నవాడికి పెళ్లికొడుకు తర్వాత అంత మర్యాద. నాకది చాలలేదు. కాకినాడలో ఎవరో ఓ ఫ్రెంచి దర్శకుడి సినిమా వేస్తే చూసి, ఆయన జీవితకథ పత్రికలో చదివి చెడిపోయాను. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి సినిమాలు చూశాడట, పెద్ద దర్శకులను ఏకిపారేశాడట, ఆనక స్టూడియోలు వద్దని కెమెరాతో వీధిన పడ్డాడట. (మొదటిది నేను హైస్కూల్లోనూ, రెండోది కిళ్లీకొట్టు దగ్గరా ఎప్పుడో పూర్తిచేశాను. మూడోదే మిగిలింది.) ఆయన పేరు పలకడం మాత్రం ఇప్పటికీ రాదు.

అప్పుడే రాజోలు దగ్గర ఓ పెళ్లి తగిలింది. పెళ్లికూతురి తండ్రికి కువైట్‌లో సెలవు దొరకలేదు. కన్యాదానం బాబాయిగారు చేస్తారు, క్యాసెట్ కువైట్ వెళ్తుంది. "మా వారు చూసుకునేది ఇదొక్కటే బాబూ, అందరూ పడాలండి" అన్నారు తల్లిగారు. "ఆయ్" అన్నాను. అని, భోజనాల బంతిలో చేయి ఆపి కెమెరాకేసి నవ్విన చుట్టాలను వదిలేసి వాళ్ల వీపులు తీశాను. జీలకర్రా బెల్లం వేళ కొబ్బరాకుల మీద ఎండ తీశాను. తలంబ్రాలప్పుడు పురోహితుడిగారి కాళ్లు తీశాను.

కొన్నాళ్లకు కువైట్ నుంచి మా స్టూడియోకి ఫోను. "బాబూ, కొబ్బరిచెట్లు చాలా బాగా తీసేరండి. మా అమ్మాయి ఎక్కడుందండీ?" ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టాయి. స్టూడియో యజమాని మా మావయ్యే. "నీ ఫ్రెంచాయన పెళ్లి వీడియో ఎవడు తీసేడో కనుక్కోరా, వాణ్ని పెట్టుకుంటాను" అన్నాడు.

రెండేళ్ల తర్వాత ఆ కువైట్ తండ్రిగారు సెలవు మీద వచ్చి నాకు కబురంపారు. తిట్లకు సిద్ధపడే వెళ్లాను. "కాళ్లు కడిగే ముక్క మళ్లీ తీద్దామండి. ఈసారి నేనుంటాను" అన్నారు.

"మళ్లీ పెళ్లేవిటండీ!" అని పురోహితుడుగారు నొచ్చుకుంటే, "మంత్రాలొద్దండి, వీడియోకే" అని బతిమాలారు. అమ్మాయీ అల్లుడూ పెట్టెలోంచి మధుపర్కాలు తీసి కట్టుకున్నారు. అల్లుడిగారికి పొట్ట వచ్చింది. ఆయన పళ్లెంలో కాళ్లు పెట్టగానే, అప్పుడే నడక నేర్చిన వాళ్ల పాప పరిగెత్తుకొచ్చి తనూ పెట్టింది. తాతగారు నాలుగు కాళ్లూ కడిగారు.

నేను కెమెరా కదపలేదు. అందరి మొహాలూ శుభ్రంగా పడ్డాయి, ఆ తండ్రి తలెత్తి తన కూతుర్ని చూసిన ముక్క తప్ప. అది మసకగా వచ్చింది.

"ఇదీ ఫ్రెంచి పద్ధతేనా?" అన్నాడు మావయ్య.

కాదు. నా కళ్లలో నీళ్లొచ్చి ఫోకసు ఆనలేదు. తర్వాత ఎన్ని పెళ్లిళ్లు తీశానో, ఒక్క మొహమూ వదలకుండా. నాకు మాత్రం ఆ మసక ముక్క తీసిన కుర్రాడే ఇప్పటికీ దర్శకుడిలా కనిపిస్తాడు.