రాజవ్వకు చెప్పని ముచ్చట

"అమ్మమ్మా, మీ ఇద్దరిట్ల ఒకరు అబద్ధం చెప్తున్నరు. నువ్వన్న చెప్తున్నవ్, పద్మ చిన్నమ్మన్న చెప్తున్నది."

"నెల రోజులు నా ఇంట్ల తిని, నాలుగు కాయిదాలు నింపంగనే నన్ను అబద్ధాలకోరును చేస్తున్నవా?"

"చేస్తలేను, అడుగుతున్న. నా కాయిదం మీద వాడకట్టుల అందరిండ్లకు గీతలున్నయ్. ఆ ఒక్క ఇంటికే లేవు. ఎందుకు లేవో నువ్వొక తీరు చెప్తివి, ఆమె ఇంకో తీరు చెప్పింది."

"వాళ్లు ఎవ్వలతోని కలువరు. కలువనోళ్లకు గీతెందుకుంటది? గదే రాసుకో."

"రాసిన. రేపు పొద్దుగాల బస్సుకు పోయి మా సార్ల ముందట గదే చదువుత, ఆ ఇంటోళ్లే అందరికి దూరం జరిగిండ్రని. నిజమేనా అమ్మమ్మా?"

నేను పొయ్యి మీద పప్పు చూస్తున్నట్టు లోపటికి పోయిన. పప్పు ఎప్పుడో దించిన.

నలభై ఏండ్ల సంది మోస్తున్న బరువిది. నా పెనిమిటికి చెప్పలే, ఆయన పోయిండు. నా బిడ్డకు చెప్పలే. నేను మూడో తరగతి దాకనే చదివిన, ఎక్కువ రాయరాదు. మనవరాలు పారేసిన కాయిదాల ఎనుక దిక్కు ఖాళీ ఉంటే ఇది రాస్తున్న. నువ్వెవ్వలవో నాకు తెల్వది. తెల్వదు గనుకనే నీకు చెప్తున్న.

మానస నా బిడ్డ సుజాత కూతురు. ఎకనామిక్స్ చదివి హైదరాబాద్ల పరిశోధన కొలువుల కొత్తగ చేరింది. ఆమెకు ఇది మొదటి పని. ఒక వాడకట్టుల ఎవ్వలు ఎవ్వలతోని మాట్లాడుతరు, ఒకరి చెవుల పడ్డ ముచ్చట ఎంతమందికి చేరుతది, చేరినోళ్ల బతుకు ఏమైతది, చేరనోళ్లది ఏమైతది, గిది చూసుడు. ఇంకెక్కడ దొరకనట్టు మా చొప్పదండి వాడకట్టే ఎంచుకున్నది. ఇంటింటికి తిరిగి అడిగింది. ఒక్కో ఇల్లు ఒక్కో చుక్క, మాట్లాడుకునేటోళ్ల నడుమ గీత.

"ఈ వాడకట్టుకు ఏదన్న తెల్వాలంటే ముందుగాల ఎవ్వలకు చెప్పాలె" అని అడిగితే అందరు నా పేరే చెప్పిండ్రట. నా చుక్క చుట్టు గీతలు పడీ పడీ కాయిదం నల్లగైంది. అది చూసి మురిసిన. మురువలేదని ఎందుకనాలె? అప్పుడు మూలకున్న చుక్క మీద ఏలు పెట్టి, "గీ ఇల్లేంది అమ్మమ్మా, ఒక్క గీత లేదు" అన్నది.

అది రాజవ్వ ఇల్లు. రాజవ్వ నాలుగేండ్ల కింద చచ్చిపోయింది. ఇప్పుడు ఆమె బిడ్డ పద్మ ఉంటున్నది, బీడీలు చేసుకుంట. మానస ఆ ఇంటికి పోయి కాయిదం నింపుతాంటే, పద్మ ఎదురుంగ కూసోని తలకిందులుగనే మొత్తం చదివి, "ఈ తొమ్మిదో ప్రశ్న, పద్నాలుగోది ఒక్కటే అడుగుతున్నయ్ గద బిడ్డా" అన్నదట. మా సార్లు సుత అది పట్టలే అని మానస నాకు నవ్వుకుంట చెప్పింది. గంత తెలివి ఉండి బీడీలెందుకు చేస్తున్నవ్ అని అడిగిందట. అడిగితే పద్మ చెప్పింది. వాడకట్టోళ్లే దూరం పెట్టిండ్రని ఆమెకు తెలిసినంత చెప్పింది.

తెల్వంది నేను చెప్పాలె.

మా దిక్కు కార్యానికి కార్డు ఇస్తే పిలుపు కాదు. ఇంటామె కుంకుమ బరిణె పట్టుకొని గడప గడపకు పోయి, ఆడోళ్లకు బొట్టు పెట్టి పిలువాలె. బొట్టు పెట్టించుకున్నామె కూసోవెట్టి "ఇంకేం ముచ్చట్లు" అని అడుగుతది. ఫోన్లు లేని ఆ దినాలల్ల ఊరి సంగతులు గట్లనే తిరిగేటివి. నా చిన్న కొడుకును తొట్టెల వేసే దినానికి నేను పిలువవోతుంటే బడి సారు ఎదురొచ్చిండు. ఆడపిల్లలకు హాస్టల్ బడి సీటుకు పరీక్ష ఉన్నదట, ఫారం నింపాలెనట, మా ఊరికి ఒక్క సీటే వస్తదట. "ఎట్లాగు ఇండ్లల్లకు పోతున్నవ్ గదమ్మా, ఐదో తరగతి పిల్లలున్నోళ్లకు జర చెప్పు" అన్నడు.

చెప్పిన. ఐదిండ్లల్ల చెప్పిన. ఆ ఐదిండ్ల పిల్లలతోని నాకు భయం లేకుండె. నా సుజాత తరగతిల రెండోది. మొదటిది రాజవ్వ బిడ్డ పద్మ.

రాజవ్వ ఇంటికి ఆఖరుకు పోయిన. కావాల్నని ఆఖరుకు పోయిన్నా? అప్పుడు అనుకోలే అని ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న. కాని దారిల ఆ ఇల్లు మూడోది. మూడోదాన్ని దాటి పోయి మళ్ల ఎనుకకు వచ్చిన్నంటే నా కాళ్లకు ముందే తెలుసు. రాజవ్వ బీడీల చాట పక్కకు పెట్టి, తంబాకు చేతులు కడుక్కొని, నా ముందట నిలబడ్డది. బొట్టు పెట్టిన.

"కూసో అక్కా. ఇంకేం ముచ్చట్లు?"

"ఏమున్నయే. పొద్దుగాలనే రా, పనున్నది."

"వస్తగని, పద్మను సుత తోలుకొస్త. సుజాతతోని ఆడుకుంటది."

"తోలుకరా."

గంతే. గా నాలుగు మాటలే. ఒక తల్లి తన బిడ్డ కోసం చేస్తే తప్పా అని నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్ననో లెక్కలేదు. అట్ల అడిగినప్పుడల్ల రాజవ్వ సుత తల్లే గదా అని ఇంకో మాట లోపట్నించి వస్తది.

ఇంతటితోని ఆగినా ఒక తీరు. సుజాతకు సీటు వచ్చినంక రాజవ్వకు తెలిసింది. బోరింగు కాడ అందరి ముందట వచ్చి అడిగింది, "నాకెందుకు చెప్పలే అక్కా" అని. నేను బిందె ఎత్తుకుంట, "ఆ దినమే చెప్పిన గదనే, మరిసిపోయి నా మీద పడుతవా" అన్న. ఎవ్వలు ఆమెను నమ్మలే. అందరికి చెప్పేదాన్ని నేను, ఆమెకొక్కదానికే ఎందుకు చెప్పకుంటనని అనుకున్నరు. పిల్లకు సీటు రాలేదని కండ్లమంట అన్నరు. రాజవ్వ ఆ తర్వాత ఎవ్వల పిలుపుకు పోలే. రెండేండ్లకు పిలుసుడే బందైంది. మానస కాయిదం మీద గీతలు లేని ఇల్లు గట్ల తయారైంది.

సుజాత చదివింది. నస్పూర్ల పంతులమ్మ అయ్యింది. ఆమె చదువుకున్నది గనుక ఆమె బిడ్డ ఇంత చదివి, ముచ్చట చేరనోళ్ల బతుకు ఏమైతదని అడగవచ్చింది. ఎవ్వలను అడిగిందో ఆమెకు తెల్వది.

నేను అన్నీ చూసి చూసి వాడేదాన్ని. సబ్బు ముక్కకు ముక్క అతికిస్త. మానసకు ఆ దినం ఖర్చు లేని ఒక్క మాట, "నిజమే" అంటే అయిపోతుండె. అనలేకపోయిన. ఎందుకో? పద్మ తలకిందులుగ చదివిందన్న మాట లోపట తిరుగుతనే ఉండె. నేను సక్కగ పెట్టుకున్నా కూడబలుక్కొని చదివేదాన్ని. చచ్చిపోయిన రాజవ్వ మీద నా అబద్ధం ఇప్పుడు అచ్చుల పడుతది, నా మనవరాలి పేరుతోని పడుతది. గది మింగుడు పడలే.

తెల్లారినంక మానస సంచి సదురుకుంటుంటే చెప్పిన. మొత్తం చెప్పిన, బోరింగు కాడి మాట సుత. ఆమె మంచం మీద కూసున్నది. ఒక్కటే అడిగింది.

"అమ్మకు తెలుసా?"

"తెల్వది."

"నేను చెప్పను. నువ్వే చెప్పాలె."

చాయ తాగలే. కాయిదం తీసి తను రాసిన ముక్క కొట్టేసింది. ఎప్పుడు పోయేముందు నా కాళ్లు మొక్కుతది, ఆ దినం మొక్కలే. బస్సుకు పోయింది.

నేను చెప్పులేసుకొని పద్మ ఇంటికి పోయిన. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తున్నది. గడపల నిలబడే చెప్పిన, కూసొమ్మన్నా కూసోలే. కత్తెర ఆపకుండ విన్నది. అంతా అయినంక తల ఎత్తింది.

"ఫారం నింపతందుకు ఆ రోజుకు ఇంకెన్ని దినాలుండె పెద్దవ్వా?"

"నాలుగు దినాలు."

"నాలుగు దినాలుండెనా" అన్నది. మళ్ల ఆకు అందుకున్నది. నేను ఇంటికొచ్చి సుజాతకు ఫోన్ చేసిన.