అనాసపండు వాసన

మొన్న ఆసుపత్రిలో ఉన్న స్నేహితుణ్ణి చూడబోతే, అతని మంచం పక్కన పాలలాంటి తెల్లటి ద్రవంతో ఓ సంచీ వేలాడుతోంది. అది కొవ్వనీ, గ్లూకోజుతో పాటు నరంలోకి ఎక్కిస్తున్నామనీ నర్సు చెప్పింది. ఇంటికొచ్చి పాత డైరీ తీశాను.

1968, శ్రావణ మాసం, గురువారం. విజయనగరం ఆసుపత్రి. ఉన్నవారు: అమ్మ, అక్క, బావ, నేను.

పంతొమ్మిదేళ్ల అక్కకి పేగు పుండు పగిలి ఆపరేషను చేశారు. లోపలి కుట్లు మానేదాకా నోట్లో నీటిచుక్క కూడా పడకూడదన్నారు. గ్లూకోజు సీసాయే ఆధారం. చేతుల మీద నరాలు వాచిపోయి, ముందురోజు నుంచి అదీ ఆగిపోయింది. ఆ ఉదయం అక్క మొహం తుడవబోయిన అమ్మ చటుక్కున ఆగింది. అక్క ఊపిరిలో మాగిన అనాసపండు వాసన. మా ఇళ్లలో అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. అంచేత ఒకే మంచానికి చెరో పక్కా కూర్చున్న ఆ ఇద్దరి మాటలూ నా మీదుగానే నడిచేవి.

"ఒరే, మీ బావనడుగు. పిల్లకి దొంగసాటుగా పండెట్టినాడేటి? పేగు తెగి సచ్చిపోద్ది!"

"నానేటీ ఎట్టనేదని సెప్పరా మీ యమ్మకి," అన్నాడు బావ.

అక్క కళ్లు తెరవకుండానే నవ్వింది. "ఎట్టుంటే నీకో ముక్క దాసీదాన్ని గదే అమ్మా!"

అమ్మ నమ్మలేదు. బావని వరండాలోకి పొమ్మంది, అదీ నాతోనే చెప్పించి.

మధ్యాహ్నం డాక్టరు గారు చీలమండ దగ్గర కోసి నరం పట్టుకుని, సీసా మళ్లీ తగిలించారు. అమ్మ అనుమానం విని తల అడ్డంగా ఊపారు. "పండు కాదమ్మా. చక్కెర అందకపోతే ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటుంది. అప్పుడు పుట్టే కీటోన్ల వాసన ఇది. గ్లూకోజు ఎక్కితే తగ్గుతుంది." మరి కొవ్వే ఎక్కించకూడదా అని నేనడిగాను. పైదేశాల్లో ఎక్కిస్తారనీ, మనకింకా దొరకదనీ, చక్కెర తోడు లేకుండా ఎక్కిస్తే అదీ కీటోన్లుగానే మారుతుందనీ చెప్పారు. సాయంత్రానికి నిజంగానే వాసన తగ్గింది. అమ్మ పదేపదే వరండా వైపు చూసింది గానీ, బావని పిలవమని నాతో అనలేదు.

మర్నాడు ఉదయం అక్క పోయింది. గ్లూకోజు వాసనని ఆపింది గానీ, కడుపులో చేరిన చీముని ఆపలేకపోయింది. అమ్మ లేచి వరండాలోకి వెళ్లి, బావ ఎదురుగా నిలబడి, అక్క పెళ్లయ్యాక మొదటిసారి అతనితో నేరుగా మాట్లాడింది.

"నువ్వు నిజంగా ఎట్టినా బాగుణ్ణు నాయినా. ఆకలితో ఎల్లిపోనాది."

బావ వంగి అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

నాకంటే పెద్దదైన అక్క ఇప్పుడు నా మనవరాళ్లందరికంటే చిన్నది.