వీరస్వామికి వాసనొచ్చిన పూట

మహబూబాబాద్ మార్కెట్ యార్డు ఎదురుగా వీరస్వామిది మిర్చి అడ్తి దుకాణం; రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెడతాడు. రైతు బస్తా విప్పగానే ఒక కాయ తీసి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకొని సరుకు ఎలాంటిదో చెప్పడం ఆయన అలవాటు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో ఆ ముక్కు పోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. రుచీ దానితోనే పోయింది. "రావచ్చు, రాకపోవచ్చు" అని వరంగల్ దవాఖానలో డాక్టరు చెప్పాక ఆయన ఇక ఎవరినీ అడగలేదు. దుకాణంలో మాత్రం కాయ విరిచి ముక్కుకు ఆనించుకోవడం మానలేదు. నలుగురూ చూస్తుంటారు కదా. రంగును బట్టి, ఎండిన కాయ గలగలను బట్టి ధర చెప్పేవాడు.

ఈ సంగతి భార్య రాజమణికి, కూతురు హర్షిణికి తప్ప ఎవరికీ తెలియదు. కోడికూర వండినా, ఉత్త మజ్జిగన్నం పెట్టినా ఆయన ముఖం ఒక్కలాగే ఉండేది. పిలిస్తే వచ్చేవాడు, తినేవాడు, లేచి వెళ్ళేవాడు.

మొన్న ఫిబ్రవరిలో రాజమణి నెల్లికుదురులో చెల్లెలింటికి వెళ్ళింది. హనుమకొండలో ఉద్యోగం చేసే హర్షిణి సెలవు దొరికి వచ్చింది. మధ్యాహ్నం దుకాణానికే వచ్చి, "బాపూ, ఇయ్యాల పిజ్జా తిందాం పా" అంది.

"నాకేది పెట్టినా ఒకటే గద బిడ్డా. నువ్వు తిని రాపో."

"ఒక్కదాన్నే కూసోని ఎట్ల తింట? జర రా."

మిర్చి సీజను. రోడ్డంతా ట్రాక్టర్లు, ఆటోలు. స్టేషన్ రోడ్డులో మొదటి దుకాణంవాళ్ళు ఫ్రిజ్‌లోని రొట్టెను వేడిచేసి ఇచ్చారు. హర్షిణి ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేసింది. రెండో చోట చీజ్ అయిపోయిందన్నారు. బస్టాండు వెనక సందులో మంచిది దొరుకుతుందని ఒక ఆటో డ్రైవర్ చెబితే అటు నడిచారు. క్రాంతి, రచన అనే భార్యాభర్తల దుకాణం అది. కాలేజీ పిల్లలతో కిక్కిరిసి ఉంది.

"పిండి మేమే పిసుకుతం కాకా, జర ఆగాలె" అన్నాడు క్రాంతి, కరెంటు ఓవెన్ ముందు చెమటలు తుడుచుకుంటూ. టమాటా సాస్ కాచే గ్యాస్ పొయ్యి లోపలి గదిలో ఉంది. ఆ గది తలుపు పక్కనే ఖాళీ బల్ల దొరికింది.

కూర్చున్న కాసేపటికి వీరస్వామి ముఖం చిట్లించాడు. "ఏందో కుళ్ళినట్టుంది బిడ్డా."

"ఏంది?" అంది హర్షిణి ఫోన్ చూస్తూనే.

"కుళ్ళిన ఉల్లిగడ్డ లెక్క. వాసన."

హర్షిణి తలెత్తింది. ఫోన్ బల్ల మీద పెట్టేసింది. "బాపూ... నీకు వాసనొస్తుందా?"

ఆ మాట విన్నాకే తన నోటి నుంచి ఏం వచ్చిందో ఆయనకు తెలిసింది. గట్టిగా పీల్చాడు. వచ్చింది. మళ్ళీ పీల్చాడు. మళ్ళీ వచ్చింది. అది దేని వాసనో తెలిసేసరికి లేచి నిలబడ్డాడు.

"తమ్మీ! గ్యాస్ లీకైతుంది!"

లోపల రచన లైటర్ తీసుకొని పొయ్యి దగ్గరికి వంగుతోంది. "ముట్టియ్యకు!" అని అరుస్తూ క్రాంతి లోపలికి ఉరికాడు. పొయ్యి దగ్గర పైపు ఊడి వేలాడుతోంది. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీ తలుపులు బార్లా తెరిచాడు. పిల్లలంతా రోడ్డు మీదికి పరుగెత్తారు. ఓవెన్‌లో కాలుతున్న వెల్లుల్లి ఘాటులో ఆ వాసనను అంతదాకా ఎవరూ పట్టించుకోలేదు. రచన మెట్టు మీద కూలబడి, చేతిలోని లైటర్‌నే చూస్తూ ఉండిపోయింది. క్రాంతి ఆమె పక్కన కూర్చొని భుజం పట్టుకున్నాడు.

వీరస్వామికి ఆ ప్రమాదం ఇంకా బుర్రకెక్కలేదు. సందులో నిలబడి పీలుస్తూనే ఉన్నాడు. డీజిల్ పొగ, మురికి మోరీ కంపు, పక్కనుంచి వెళ్ళిన ఒకామె కొప్పులోని మల్లెలు. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. హర్షిణి తల్లికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఒట్టు పెట్టు" అంది రాజమణి. తర్వాత "బాపుకియ్యి" అంది. ఆయన ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఆమె ఏడుపు వింటూ నిలబడ్డాడు.

గ్యాస్ పోయాక, వద్దన్నా వినకుండా క్రాంతి పిజ్జా కాల్చి తెచ్చాడు. వీరస్వామి ఒక ముక్క కొరికాడు. పులుపు తగిలింది, మాడిన అంచు తగిలింది. "గిదేంది, పాలు ఇరిగినట్టుంది?"

"చీజ్ బాపూ!" హర్షిణి ఏడుస్తూనే నవ్వింది. బాగాలేదంటూనే ఆయన సగానికి పైగా తిన్నాడు.

పొద్దుగూకకముందే రాజమణి బస్సు దిగి వచ్చింది. అన్నం వండి, పచ్చిపులుసు కలిపి పెట్టింది. ఆయన ఒక ముద్ద తిని, "ఉప్పెక్కువైంది" అన్నాడు.

ఆమె నాలుక మీద చుక్క వేసుకొని చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. వాసన, రుచి ఒక్కసారే సాఫుగా రావని, కొన్నాళ్ళు వంకరగా తెలుస్తాయని డాక్టరు ఆ తర్వాత చెప్పాడు. సబ్బు ఇప్పటికీ ఆయనకు కాలిన రబ్బరులా అనిపిస్తుంది. ఆ సాయంత్రం రాజమణి మాత్రం ఆయనతో వాదించలేదు. కంచానికి ఎదురుగా పీట వాల్చుకొని కూర్చుంది.

"ఇంకేం తెలుస్తుంది? చెప్పు" అంది.